బంతి నడిచేటప్పుడు వాయించే గిటార్

నెల్లూరు ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించే మిత్రుడొకడు నాకున్నాడు. బాలు సొంత జిల్లా ఇది, స్టేజీ ఎక్కితే సగం రాత్రి బాలు పాటలే. పల్లవికీ చరణానికీ మధ్య చిన్న బిట్టు, మళ్లీ గాయకుడి వెనక్కి. భోజనాల బంతి నడిచేటప్పుడు మాత్రం తనకిష్టమైంది వాయించుకుంటాడు. అప్పుడెవరూ వినరు కాబట్టి.

మొన్న కావలి రిసెప్షన్‌లో, చేపల పులుసు గరిటెల చప్పుడు మధ్య, అమెరికన్ గిటారిస్టు అల్ డి మియోలా బాణీ ఎత్తుకున్నాడు. 'లాండ్ ఆఫ్ ది మిడ్‌నైట్ సన్' లోది. 1976 నాటి ఆల్బమ్. జాజ్ పియానిస్టు చిక్ కొరియా బ్యాండు 'రిటర్న్ టు ఫరెవర్'లో పంతొమ్మిదేళ్లకే చేరిన డి మియోలాకు అది తొలి సొంత ఆల్బమ్.

సొంతం అన్నానా? ఉన్నవి ఆరు ట్రాకులు. మొదటిది తాళవాద్యకారుడు మింగో లూయిస్ కట్టిన బాణీ. చివరిది కొరియాది. మధ్యలో ఒకటి పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్‌ది. బ్యాండు తోటివాళ్లు కొరియా, స్టాన్లీ క్లార్క్, లెన్నీ వైట్ ముగ్గురూ ఇందులో వాయించారు. ఇల్లు వదిలి వేరు కాపురం పెట్టినవాడు వంటపాత్రలన్నీ పాత ఇంటి నుంచే తెచ్చుకున్నట్టుంది వ్యవహారం.

అయినా ఆల్బమ్ అతనిదే, ఎందుకంటే ఆ కుడి చెయ్యి అతనిది. అరచేతి అంచును, గిటార్ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి మీటుతాడు. మోత అక్కడికక్కడే అణిగిపోతుంది, స్వరం టకటకమని రాలుతుంది. రాక్ గిటారిస్టులు తీగను సాగదీసి ఏడిపించే చోట ఇతను మృదంగం మీద వేళ్లు పరిగెత్తినట్టు లెక్క కడతాడు. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌ను విన్న మన చెవికి ఆ వేగం కొత్తేమీ కాదు.

వేగమే అతని బలహీనత కూడా. కొన్ని భాగాలు కలిపి కట్టిన 'గోల్డెన్ డాన్' సూట్‌లో జాకో పాస్టోరియస్ బేస్ గిటార్ అంత హాయిగా నడుస్తుంటే, పక్కన గిటార్ పరీక్ష హాల్లో చివరి అయిదు నిమిషాల్లా ఉరుకుతుంది. నాకు ఊపిరాడదు. కొరియా పియానోతో అకూస్టిక్ గిటార్ మాట్లాడుకునే చివరి ట్రాక్‌లోనే కుర్రాడు ఎదుటివాడిని వింటాడు. బాణీ గురువుది, ఆల్బమ్‌లో నాకు బాగా నచ్చిన వాయింపు మాత్రం శిష్యుడిది.

మన దగ్గర ఇలాంటి ఆల్బమ్ ఎందుకు రాదంటే స్టూడియో లేక కాదు. ఇప్పుడు పడగ్గదిలో ల్యాప్‌టాప్ చాలు. మనకు పాట అంటే మాటలుండాలి. మాటల్లేని వాయిద్యానికి అడ్వాన్సు ఇచ్చే పెళ్లివారు నాకింకా తగల్లేదు. ఇరవై ఏళ్లుగా వాయిస్తున్న నా మిత్రుడి చెయ్యిని కళ్లు మూసుకుని గుర్తుపడతాను. ఆ చెయ్యి రికార్డు మీద ఒక్క నిమిషం కూడా లేదు.

కావలిలో బంతి అయిపోయింది. ముందు వరస నుంచి ఎవరో కేకేశారు, "ఏందన్నా అది, మంచి పాట ఒకటి కొట్టండన్నా!"

అతను చిటికెన వేలితో వాల్యూమ్ తగ్గించి, గాయకుడి వైపు తిరిగి స్కేలు ఎంతని అడిగాడు.