నొప్పి ఒకచోట, పూడిక మరోచోట

వరంగల్ చుట్టుపక్కల కాలు లాగుతోందంటే 'నరం పట్టింది' అంటారు. తైలం రాస్తారు, నడుముకు ఎక్స్‌రే తీయిస్తారు. కాలి రక్తనాళం పూడుకుపోయిందేమో అన్న సంగతి వేలు నల్లబడ్డాక గాని గుర్తుకు రాదు.

పూడిక సాధారణంగా నొప్పికి ఒక మెట్టు పైన ఉంటుంది. పొత్తికడుపులో ధమని సన్నబడితే పిరుదులు, తొడలు లాగుతాయి. ఎక్కువగా మూసుకుపోయేది మాత్రం తొడ ధమని, మోకాలికి కాస్త పైన కండరాల సందులో. కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే నిమిషాల్లో వదిలేస్తుంది. నడుములో నరాలు నొక్కుకుపోతే ఊరికే నిలబడితే తగ్గదు; కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. నిలబడితే తగ్గుతుందా, కూర్చోవాలా అని ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలా ఎక్స్‌రేల అవసరమే ఉండదు.

బీడీ, సిగరెట్ ఎక్కువగా పై ధమనులను దెబ్బతీస్తే, షుగర్ మోకాలి కింది సన్న ధమనులను పట్టుకుంటుంది. తిమ్మిరెక్కిన పాదానికి నొప్పి తెలియదు. చాలామందిలో బయటపడే మొదటి లక్షణం మానని పుండే.

తునికాకు కోసే, బీడీలు చుట్టే ఉత్తర తెలంగాణలో మరవకూడనిది బర్జర్ వ్యాధి, అంటే పొగాకు వల్ల కాళ్ల, చేతుల సన్న రక్తనాళాలు వాచి మూసుకుపోయే జబ్బు. 45 ఏళ్ల లోపే, వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. కింద నాళాలే మిగలవు కాబట్టి బైపాస్ కలిపే చోటు దొరకదు. పొగాకు పూర్తిగా మానడమే మందు; 'రోజుకు రెండే' అన్నా వ్యాధి ఆగదు.

పరీక్ష తేలికే. పడుకోబెట్టి, చీలమండ దగ్గరి పై బీపీని (రెండు అంకెల్లో పెద్దదాన్ని) చేతి పై బీపీతో భాగించాలి. చేతికి 140, కాలికి 84 వస్తే 0.6. 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే జబ్బున్నట్టే. షుగర్ రోగుల్లో ధమని గోడకు సున్నం పట్టి, బీపీ పట్టీ బిగించినా నొక్కుకోదు. అంకె 1.4 దాటితే అది ఆరోగ్యం కాదు. బొటనవేలి పీడనం చూడాలి. అది 30 మి.మీ. పాదరసం కంటే తగ్గితే పుండు మానడం కష్టం.

పీహెచ్‌సీల్లో నెలనెలా షుగర్ బిళ్లలిచ్చే రోజునే చెప్పులు విప్పించాలన్నది మా గట్టి అభిప్రాయం. పాదం పైభాగాన, లోపలి చీలమండ వెనుక నాడి చూడటం రెండు నిమిషాల పని. పాదం మీది నాడి కొందరికి పుట్టుకతోనే అందదు, అందుకే రెండు చోట్లా చూడాలి. రెండూ అందకపోతే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి డాప్లర్ (ధ్వని తరంగాలతో రక్త ప్రవాహం చూసే పరీక్ష) కోసం పంపాలి.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, కదలకపోతే సుమారు ఆరు గంటల్లో రక్తం మళ్లీ పారాలి. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కే దాదాపు 100 కిలోమీటర్లు. ఊళ్లో కాపడం పెడుతూ కూర్చుంటే సమయం పోవడమే కాదు, రక్తం అందని చర్మం కాలిపోతుంది కూడా.