ఇంటర్‌ఫియరెన్స్ డ్రాగ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఇంటర్‌ఫియరెన్స్ డ్రాగ్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ రెక్క కుశలం, విమానం బాడీ కూడా కుశలం. విడివిడిగా విండ్ టన్నెల్లో, అంటే గాలి తోలి పరీక్షించే సొరంగంలో, పెట్టి చూస్తే రెండూ బుద్ధిమంతులే. కలిపి బిగించగానే తమరు హాజరు. డ్రాగ్ అంటే విమానాన్ని గాలి వెనక్కి లాగే లాగుడు. రెక్క డ్రాగ్ నూరు, బాడీ డ్రాగ్ నూరు అనుకుంటే, రెండూ కలిస్తే రెండొందలు రావాలి కదా? ఆపైన ఇంకెంతో కొంత తేలుతుంది. ఆ పైది తమరి మామూలు.

పోనీ ఫిర్యాదు చేద్దామంటే ఎవరికి చెయ్యాలి? రెక్క గీసినాయన తన రెక్కలో లోపం లేదంటాడు. బాడీ గీసినాయన కూడా అదే మాట. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. తమరు ఏ శాఖ పరిధిలోకీ రాకుండా, రెండు శాఖలు ఆనుకునే చోట కుర్చీ వేసుకున్నారు. మన ప్రభుత్వాఫీసుల్లో కూడా ఇంత చక్కటి పోస్టు లేదు.

పనితనం మాత్రం మెచ్చుకోవాలి. బాడీని ఒరుసుకుంటూ వచ్చే గాలి పొర ముక్కు దగ్గర్నుంచే నీరసపడుతూ వస్తుంది. రెక్క ముందంచు అడ్డం తగిలేసరికి అది సుడి తిరిగి, గుర్రపు లాడంలా రెక్క మొదలును చుట్టుకుని, పైన ఒక కొస, కింద ఒక కొసగా వెనక్కి సాగుతుంది. ఇది అడ్వాన్సు మాత్రమే. అసలు వసూలు రెక్క వెనక సగంలో. గుండ్రటి బాడీకి కిందుగా రెక్క తగిలిస్తే, రెక్క పైతలానికీ బాడీకీ మధ్య ఒక ఇరుకు మూల మిగులుతుంది. వెనక్కి పోయేకొద్దీ రెక్క కిందికి వాలుతుంది, బాడీ సన్నబడుతుంది, దారి వెడల్పవుతుంది. దారి వెడల్పయితే గాలి నెమ్మదించి పీడనం పెరుగుతుంది. పెరిగే పీడనానికి ఎదురెళ్ళాలంటే గాలికి ఓపిక ఉండాలి. ఆ మూలలో ఉన్నదేమో ఒకపక్క రెక్కనీ ఇంకోపక్క బాడీనీ ఒరుసుకుని డస్సిపోయిన గాలి. అది తలాన్ని వదిలేసి సుడులు సుడులుగా విడిపోతుంది. పోతూ పోతూ తోకను కూడా నాలుగు బాది పోతుంది.

1930ల మొదట్లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థ విండ్ టన్నెల్లో గాలి ప్రవాహాల శాస్త్రవేత్త ఫాన్ కార్మన్ బృందం తమరి మీద గట్టిగానే నిఘా పెట్టింది. విరుగుడు వింటే నవ్వొస్తుంది. ఆ మూలను నున్నగా పూడ్చెయ్యడమే. ఫిల్లెట్ అంటారు. విమానాలవాళ్ళు గ్రాము గ్రాము లెక్కపెట్టుకునే మనుషులు. అలాంటివాళ్ళ చేత అదనంగా రేకు వేయించి, పైగా అది లాభమేనని ఒప్పించారు చూడండి, అక్కడ తమరికి దణ్ణం పెట్టాలి. 1933లో ఎగిరిన డగ్లస్ కంపెనీ ప్రయాణికుల విమానం డీసీ-1కి ఈ పూడిక ఉంది, దాని వంశంలో వచ్చిన డీసీ-3కీ ఉంది. నిజాం కాలంలో బేగంపేట నుంచి తిరిగిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు ఆ డీసీ-3లే. పాత ఫొటో దొరికితే రెక్క మొదట్లో చూడండి, తమరి పేరిట చేసిన శాంతి కనిపిస్తుంది.

అమెరికాలో నాసాకు ముందున్న విమాన పరిశోధన సంస్థ నాకా వాళ్ళయితే ఇంకా ముందుకెళ్ళి 209 రకాల రెక్క-బాడీ జతలకు పొంతన చూసి 1935లో రిపోర్టు అచ్చేశారు. రెక్కను పైకి జరిపి, కిందికి జరిపి, ముందుకూ వెనక్కూ నెట్టి చూశారు. మన పెళ్ళిళ్ళ బ్రోకర్లకు కూడా అంత ఓపిక ఉండదు.

కోర్సెయిర్ సంగతి ఎత్తితే తమరికి కోపం రావచ్చు. 1940లో ఎగిరిన ఆ అమెరికన్ నేవీ విమానం రెక్క కిందికి వంగి మళ్ళీ పైకి లేస్తుంది. అందువల్ల గుండ్రటి బాడీని దాదాపు నిటారుగా తాకుతుంది. ఇరుకు మూల లేదు, కాబట్టి తమరికి పెద్దగా గిట్టుబాటు కాలేదు. అయితే ఆ వంపు తమరికి భయపడి పెట్టింది కాదు. 13 అడుగుల పైచిలుకు ప్రొపెల్లర్ నేలకు తగలకూడదు, చక్రాల కాళ్ళు మరీ పొడుగైపోకూడదు, అందుకని. తమరి ఆదాయానికి గండి పడటం కొసరు.

ఇప్పటి ఎయిర్‌బస్ ఏ320 విమానం పొట్ట కింద, రెక్కలు కలిసేచోట, ఒక ఉబ్బు ఉంటుంది. అది కూడా తమరి కోసం కట్టిందే. కట్టాక ఖాళీగా ఎందుకని ఏసీ యూనిట్లు అందులో సర్దేశారు. తమరి పేరు చెప్పి గోడౌన్ లేపారన్నమాట. వాటా అడిగారో లేదో.

చివరిగా ఒక కబురు. ఒకప్పుడు రెక్కలకు ఊతంగా ఉండే స్ట్రట్లను డ్రాగ్ బాధ పడలేక పీకేశారు కదా, అవి మళ్ళీ వస్తున్నాయి. సన్నటి పొడుగాటి రెక్క, కిందనుంచి దాన్ని మోసే స్ట్రట్‌తో ఒక ప్రయోగ విమానం కోసం 2023లో నాసా, బోయింగ్ చేతులు కలిపాయి. దాని పేరు ఎక్స్-66. స్ట్రట్ అంటే తమరికి బాడీ దగ్గరొకటి, రెక్క దగ్గరొకటి, రెండు వైపులా కలిపి నాలుగు కొత్త బ్రాంచీలు. 2025లో ఆ విమానాన్ని ఎగరేసే పని పక్కనపెట్టి, ముందు పలచటి రెక్క సంగతి తేల్చుకుంటామన్నారు. ఆ వాయిదా తమరి ఘనతేనని ఎవరూ అనలేదు. దయచేసి స్వీట్లు పంచకండి.

ఇట్లు,
రెక్క పక్క కిటికీ సీటు ప్రయాణికుడు