ఉప్పు చెమట పిల్లలు, అందని మందు

"ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదండీ" అనే మాట పిల్లల డాక్టర్ల దగ్గర రోజూ వినిపించేదే. చాలాసార్లు అది నులిపురుగుల వల్లో, సరైన తిండి లేకో అయి ఉంటుంది. కానీ అదే తల్లి ఇంకో మూడు సంగతులు చెబితే ఆగి ఆలోచించాలి. పుట్టినప్పటి నుంచీ దగ్గు వదలడం లేదు. దొడ్డికి వెళ్తే నూనె తేలుతోంది, వాసన భరించలేం. నుదుటి మీద ముద్దు పెడితే ఉప్పగా తగులుతోంది. ఈ నాలుగూ కలిశాయంటే అది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు కావచ్చు. మన దగ్గర ఇలాంటి పిల్లలు టీబీ మందులో, ఆస్తమా పంపో వాడుతూ ఏళ్లు గడిపేస్తారు. కొందరైతే జబ్బు పేరు బయటపడకుండానే పోతారు.

ఈ జబ్బు గురించి డొరొతీ ఆండర్సన్ అనే డాక్టర్ 1938లోనే వివరంగా రాశారు. 1948లో న్యూయార్క్‌లో ఎండలు మండిపోయినప్పుడు వడదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్లే ఎక్కువగా ఉండటం మరో డాక్టర్ పాల్ డి సాంట్ ఆగ్నీస్ కంటపడింది. వాళ్ల చెమటలో ఉప్పు మామూలు కంటే చాలా ఎక్కువని ఆయన బృందం 1953లో తేల్చింది. ఇప్పటికీ పరీక్ష అదే. ముంజేతి మీద చెమట పట్టించే పైలోకార్పిన్ మందు పెట్టి, చురుక్కుమనేంత కరెంటు పంపి, అరగంట పాటు చెమట సేకరించి, అందులో క్లోరైడ్ (ఉప్పులోని భాగం) ఎంతుందో కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్స్ గానీ అంతకు మించి గానీ ఉంటే దాదాపు ఖాయం. సూది గుచ్చేది లేదు, రక్తం తీసేది లేదు. ఇంత సులువైన పరీక్ష చేసే చోట్లు మన దేశంలో చాలా తక్కువ. ఏడు దశాబ్దాల కిందట తెలిసిన సంగతిని మన పిల్లల దాకా తీసుకురాలేకపోవడం నన్ను అన్నిటికంటే బాధిస్తుంది.

అసలు లోపం ఏడో క్రోమోజోమ్ మీదున్న సీఎఫ్‌టీఆర్ జన్యువులో ఉందని 1989లో తేలింది. ఉప్పునూ నీటినీ కణం నుంచి బయటికి వదిలే తలుపు లాంటి ప్రొటీన్‌ను ఈ జన్యువు తయారు చేయిస్తుంది. ఆ తలుపు సరిగా లేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా అంటుకుపోయి, సూక్ష్మక్రిములకు ఇల్లవుతుంది. క్లోమం నుంచి వచ్చే గొట్టాలూ మూసుకుపోతాయి, జీర్ణరసాలు తిండిని చేరవు. ఒంటికి పట్టకపోవడం అంటే ఇదే. అందుకే తిన్న ప్రతిసారీ ఎంజైమ్ మాత్రలు, ఉప్పునీటి నెబ్యులైజర్, ఆపైన రోజూ ఉదయం, సాయంత్రం తల్లి బిడ్డను ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని, అరచేతిని దొప్పలా వంచి వీపు మీద తట్టడం. కఫం కదిలేదాకా తట్టాల్సిందే.

2012లో ఐవాకాఫ్టర్ అనే మందు వచ్చింది. 2019లో ట్రైకాఫ్టా అనే మూడు మందుల మాత్ర వచ్చింది. ఇవి కఫం మీద కాదు, ఆ ప్రొటీన్ మీదే పనిచేస్తాయి. ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూస్తున్న కొందరికి ఆ ఆపరేషనే అవసరం లేకుండా పోయింది. అమెరికాలో ఇప్పుడు ఈ జబ్బుతో పుట్టే పిల్లలు 60 ఏళ్లు దాటి బతుకుతారని అంచనా. ఒకప్పుడు వీళ్లలో చాలామంది బడికెళ్లే వయసు దాకా వచ్చేవాళ్లు కాదు.

ట్రైకాఫ్టా ధర మాత్రం ఏడాదికి 3 లక్షల డాలర్లకు పైనే, అంటే రెండున్నర కోట్ల రూపాయలు. పరిశోధనకు అంత ఖర్చయిందని కంపెనీలు చెప్పే మాట ఇక్కడ పూర్తిగా నిలవదు. తొలినాళ్లలో ఆ పరిశోధనకు డబ్బు పెట్టింది అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్. ఆ సంస్థ నడిచేది బాధిత కుటుంబాలూ, వాళ్ల ఊరివాళ్లూ పోగుచేసిన విరాళాల మీద. 2014లో అది తన రాయల్టీ హక్కులను, అంటే మందుల అమ్మకాల్లో తనకు రావాల్సిన వాటాను, 330 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. ఇక ఈ మాత్రల తయారీకి ఏడాదికి 5,700 డాలర్ల దాకా సరిపోతుందని 2022లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. అది సుమారు ఐదు లక్షల రూపాయలు.

"ఇది తెల్లవాళ్ల జబ్బు, మనకెందుకు" అనే మాట డాక్టర్ల నోటే చాలాకాలం వినిపించింది. అది తప్పు. పుట్టగానే పరీక్షించే పద్ధతి లేనిచోట కేసులు లెక్కకే రావు. పైగా తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే పుట్టే జబ్బు ఇది. మేనరికాలు మామూలైన మన రెండు రాష్ట్రాల్లో దీన్ని పట్టించుకోకపోవడం ఎలా కుదురుతుంది? ఇంకో మెలిక కూడా ఉంది. యూరప్ జాతుల్లో ఎక్కువగా కనిపించే ఎఫ్508డెల్ అనే జన్యు మార్పు మన పిల్లల్లో అంత ఎక్కువగా లేదు. పెద్ద పరిశోధనలన్నీ మొదట దాని చుట్టూనే తిరిగాయి. మన పిల్లల జన్యు మార్పులను మనమే నమోదు చేయకపోతే ఏ మందు ఎవరికి పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు.

2023లో భారత్, దక్షిణాఫ్రికా, బ్రెజిల్, ఉక్రెయిన్ దేశాల బాధిత కుటుంబాలు ట్రైకాఫ్టా పేటెంట్‌ను పక్కనపెట్టి చవక మందుకు దారి ఇవ్వాలని తమ ప్రభుత్వాలనో కోర్టులనో కోరాయి. ఇందులో కొత్త సాహసం ఏమీ లేదు. 2012లో మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్స్ (వేరే కంపెనీ పేటెంట్ ఉన్న మందును తయారు చేసుకునే అనుమతి) వచ్చాక, నెలకు 2,80,000 రూపాయలున్న క్యాన్సర్ మందు 8,880కి దొరికింది. కంపెనీ సరసమైన ధరకు అమ్మకపోతే ఈ దారి తొక్కవచ్చని మన చట్టమే చెబుతోంది. దీనివల్ల పరిశోధన ఆగిపోతుందనే వాదనలో నాకు పస కనిపించదు. రెండున్నర కోట్లు ఇక్కడ ఎంతమంది కట్టగలరు? లేని అమ్మకంలో నష్టం ఎక్కడిది?

అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద ఒక్కో రోగికి 50 లక్షల వరకు సాయం అందుతుంది. హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి దానికి కేంద్రంగా ఉన్నాయి. కంపెనీ ధరకు ఆ డబ్బు దాదాపు రెండున్నర నెలలకు సరిపోతుంది. తయారీ ఖర్చుకు దగ్గరగా అమ్మితే పదేళ్లు వస్తుంది. ఆ లైసెన్స్ కోసం మన ఫార్మా కంపెనీలు దరఖాస్తు చేయాలి. ప్రభుత్వాలు అంతకంటే ముందే ప్రతి బోధనాసుపత్రి పిల్లల విభాగంలో చెమట పరీక్ష పెట్టాలి.