ఉత్తరమేరూరు గోడ మీద కౌన్సిలర్ రూలు

చెన్నైలోని చూలై పేటలో మా వీధి చివరి టీ కొట్టు దగ్గర కార్పొరేషన్ ఎన్నికల మాట ఎత్తితే చాలు, తెలుగు పెద్దాయన ఒకరు తీర్పు చెప్పేస్తారు: "ఎవడైనా రెండుసార్లే. మూడోసారి నిలబడనివ్వకూడదు." 2022 మార్చిలో కొలువుదీరిన చెన్నై కౌన్సిల్‌కు 2027 మార్చితో ఐదేళ్లు నిండుతాయి కాబట్టి ఈ మాట ఇక ముందు ఇంకా గట్టిగా వినిపిస్తుంది. నేనూ ఒకప్పుడు అదే అనేవాణ్ని. ఇప్పుడు అనలేకపోతున్నాను.

మన చట్టంలో కౌన్సిలర్‌కు అలాంటి హద్దేమీ లేదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243యు అధికరణం ఐదేళ్ల గడువు పెట్టింది కౌన్సిల్‌కు. మనిషి సంగతి అది ఎత్తదు. జనం ఓటేసినన్నాళ్లూ గెలుస్తూనే ఉండొచ్చు.

మనిషికి హద్దు పెట్టిన ఊరు మాత్రం చెన్నైకి సుమారు 90 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఉత్తరమేరూరు గుడి గోడ మీద, మొదటి పరాంతక చోళుడి కాలంలో, 920 ప్రాంతంలో చెక్కిన శాసనం ఊరి సభ ఎన్నిక ఎలా జరపాలో చెబుతుంది. ఊరికి 30 వార్డులు. పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేయాలి, చిన్న పిల్లవాడి చేత తీయించాలి. వయసు 35 దాటాలి, 70 దాటకూడదు. పదవి ఒక్క ఏడాదే. గత మూడేళ్లలో ఏ కమిటీలోనైనా కూర్చున్నవాడి పేరు కుండలో పడదు. సొంత భూమి, చదువు ఉన్న మగవాళ్లకే ఆ కుండలో చోటు కాబట్టి దీన్ని చూసి మరీ మురిసిపోనక్కర్లేదనుకోండి.

ఈస్టిండియా కంపెనీ వాళ్ల లెక్క పూర్తిగా వేరు. 1688లో మద్రాసు కార్పొరేషన్ మొదలైనప్పుడు మేయర్ పదవి ఏడాదిపాటే, ఆల్డర్మన్ (కార్పొరేషన్ పెద్ద సభ్యుడు) పదవి మాత్రం ఊళ్లో ఉన్నన్నాళ్లూ, బతికున్నన్నాళ్లూ. ఆ పన్నెండు మంది ఆల్డర్మన్లలో మన చిన వెంకటాద్రి ఒకరు. రెండు శతాబ్దాల తరువాత పిట్టి త్యాగరాయ చెట్టి, ఆయనా తెలుగింటివారే, 1882లో కార్పొరేషన్‌లో అడుగుపెట్టి దాదాపు 40 ఏళ్లు ఉన్నారు. టీ కొట్టు పెద్దాయన రూలే అప్పుడు ఉంటే త్యాగరాయ చెట్టి ఆ శతాబ్దం ముగిసేలోపే ఇంటికి వెళ్లేవారు, 1920లో అధ్యక్షుడయ్యేవారే కాదు. ఇప్పుడు కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు ఉన్నది ఆయన విగ్రహమే.

బయటి దేశాల అనుభవం చూసినా నాకు ధైర్యం రాదు. న్యూయార్క్‌లో 1993లో జనం ఓటేసి రెండుసార్ల రూలు తెచ్చారు. 2008లో కౌన్సిల్ దాన్ని తనకు తానే మూడుకు పెంచుకుంది. 2010లో జనం మళ్లీ రెండుకు దించారు. ఫిలిప్పీన్స్‌లో 1987 రాజ్యాంగం స్థానిక నేతలకు వరుసగా మూడుసార్లకు మించి పదవి కూడదంది. మూడోది అయ్యాక భార్యో కొడుకో ఆ కుర్చీలో కూర్చోవడం అక్కడ మామూలైపోయింది.

ఇది మనకు తెలియని విద్యేం కాదు. వార్డు మహిళలకు రిజర్వయితే పాత కౌన్సిలర్‌కు దారి మూసుకుపోతుంది. రూలు లేకపోయినా అదీ ఒక హద్దే. అప్పుడేమవుతుంది? నేను ఒకప్పుడు అద్దెకున్న వార్డులో గెలిచినావిడ బ్యానర్ కట్టారు. అందులో ఆవిడ ఫొటో పాస్‌పోర్ట్ సైజు, వాళ్లాయనది నిలువెత్తు. పక్కింటి పిన్నిని కౌన్సిలర్ ఎవరని అడిగితే తడుముకోకుండా ఆయన పేరే చెప్పింది. రిజర్వేషన్ వల్ల నిజంగా పైకొచ్చిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. అయితే మనిషికి గడువు పెడితే ఇంటికి కూడా పెట్టినట్టేనని అనుకోవడం అమాయకత్వం.

ఇంకో సంగతి. చెన్నైలో కౌన్సిలర్లు కుర్చీ పట్టుకు వేలాడిన కాలం కన్నా అసలు కుర్చీలే లేని కాలం ఎక్కువ బాధించింది. 1973లో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) కుంభకోణం బయటపడింది, కౌన్సిల్‌నే రద్దు చేశారు. తప్పు ఎవరిదైనా శిక్ష ఊరు మొత్తానికి పడింది. మళ్లీ ఎన్నికలు 1996లో! ఇరవై మూడేళ్లు ప్రభుత్వం వేసిన స్పెషల్ ఆఫీసర్లే. 2016 నుంచి 2022 దాకా మరోసారి అదే కథ. బెంగళూరులో 2020 సెప్టెంబర్‌లో కౌన్సిల్ గడువు ముగిశాక ఐదేళ్లు గడిచినా ఎన్నికల్లేవు. ఈలోగా ఒక కార్పొరేషన్‌ను ఐదు చేశారు. రెండుసార్లా మూడుసార్లా అని మనం వాదించుకునేది ఇలాంటి చోట.

అందుకే ఉత్తరమేరూరు నుంచి ఒకటి తెచ్చుకోవాలంటే నేను మూడేళ్ల రూలు తీసుకోను, దాని పక్కనే ఉన్నది తీసుకుంటాను. కమిటీలో ఉండి లెక్కలు అప్పగించనివాడు మళ్లీ పనికిరాడు. వాడొక్కడే కాదు, పెద్దమ్మ పిన్నమ్మల కొడుకులు, మేనత్త కొడుకు, మేనమామ, మామగారు, బావమరిది, అల్లుడు, తండ్రి, కొడుకు, ఎవరూ పనికిరారు. బావ తప్పుకు బావమరిదిని ఆపితే ఇప్పటి కోర్టులో నిలవదు, నిజమే. కానీ వార్డు నిధి పైసాపైసా ఎక్కడ పోయిందో లెక్క జతచేయందే నామినేషన్ తీసుకోమనడానికి, ఆ ఇంటి నుంచి నిలబడేవాళ్లకూ అదే షరతు పెట్టడానికి అడ్డేమిటి?

ఆ శాసనంలోని చుట్టాల జాబితాలో మొగుడు మాత్రం లేడు. ఆడవాళ్లకు సభలో చోటే లేని రోజుల్లో ఆ అవసరం పడలేదు. ఇప్పుడు రాస్తే ముందుగా ఆయన్నే చేర్చాలి.