పాత కారుకు సర్వీసింగు దండగేనా?
పదేళ్లు దాటిన కారుకు ఏటా సర్వీసింగు దండగ, పాడైనప్పుడు బాగు చేయించుకుంటే చాలు అన్న మాటతో సగమే ఏకీభవిస్తాను. షోరూము బిల్లులో కనిపించే పాలిషులు, పూతలు మానేసినా కారుకేమీ కాదు. వాటికి నేనూ డబ్బు పెట్టను. బ్రేకు ఆయిలు సంగతి వేరు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మైదానంలో తిరిగేవారికి ఆ తేడా తెలియకపోవచ్చు. మా కొరాపుట్ నుంచి సుంకి ఘాటు రోడ్డు దిగి సాలూరు వెళ్లేటప్పుడు ముందో లారీ, వెనకో లారీ, కాలు బ్రేకు మీదే ఉంటుంది. ఆ వేడికి ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడితే పెడలు అడుగంటుతుంది గాని బండి ఆగదు. (తక్కువ గేరులో దిగమని పెద్దలు చెప్పేది అందుకే, వినేదెవరు!) రెండేళ్లకోసారి మార్చమని చాలా కార్ల మాన్యువల్‌లోనే ఉంటుంది, ఖర్చూ పెద్దది కాదు. ఇంజన్‌లో వాల్వులనూ పిస్టన్లనూ లయ తప్పకుండా నడిపించే టైమింగు బెల్టునూ అలాగే వేళకు మార్చాలి. తెగేదాకా ఆగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఆ మరమ్మతుకు పాత కారు అమ్మినా చాలకపోవచ్చు. జయపురంలో తెలిసిన మెకానిక్కు చేత ఇంజనాయిలు, ఫిల్టరు, కూలెంటు, బ్రేకులు, టైమింగు బెల్టు చూపించుకుంటే చాలు, షోరూము గడప తొక్కనక్కర్లేదు.