సైటేషన్ల అంకె చూసి శాలువా కప్పేస్తున్నాం

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు భీమవరంలోనో అమలాపురంలోనో సభ పెట్టి, అమెరికాలో క్యాన్సర్ పరిశోధన చేస్తున్న మన గోదావరి వారిని సత్కరించడం ప్రవాస సంఘాలకు అలవాటు. మంచి అలవాటే. చిక్కల్లా ఆహ్వాన పత్రికతోనే. ఇన్ని వేల సైటేషన్లు (ఇతరులు తమ వ్యాసాల్లో వీరి వ్యాసాలను ఉటంకించిన సార్లు), వాటితోనే లెక్కగట్టే హెచ్-ఇండెక్స్ ఇంత అని పెద్దక్షరాల్లో అచ్చేసి, ఆ అంకెనే అర్హతగా చూపిస్తున్నారు.

ఆ లెక్కన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని క్యాన్సర్ శాస్త్రవేత్తగా గుర్తించడమే కష్టం. ఆయన పేరున ఎక్కువ సైటేషన్లు తెచ్చుకున్నది 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి. రక్తంలోని ప్రోటీన్‌ను ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో విరగ్గొట్టి వడగట్టాలి. ఆ తేటకు ఆమ్లంలో కరిగించిన అమ్మోనియం మాలిబ్డేట్, ఆపైన అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కలిపితే నీలం తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ.   ఈ పద్ధతి వాడిన వాళ్ళంతా ఆ వ్యాసాన్ని ఉటంకించాలి గనుక సైటేషన్లు వేలల్లో పోగయ్యాయి.

మరి మందు? 1948 జూన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడి బృందం లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, 10 మందిలో తాత్కాలికంగా జబ్బు తగ్గిందని ప్రకటించింది. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే ఆ మందు సుబ్బారావు గారు నడిపిన లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలది. వ్యాసం రాసినవారి జాబితాలో ఆయన పేరు లేదు. ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ క్యాన్సర్ వార్డుల్లోనూ, కీళ్ళవాతానికీ రాస్తున్నారు. మందుచీటీలో ఎవరూ వ్యాసాన్ని ఉటంకించరు కదా! బోదకాలుకు డెల్టాలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే.

అంకెను అసలు చూడొద్దని కాదు, విడదీసి చూడాలి. హెచ్-ఇండెక్స్ 40 అంటే కనీసం 40 సైటేషన్ల చొప్పున 40 వ్యాసాలున్నాయని మాత్రమే. వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. క్యాన్సర్ బయాలజీలో సాధారణంగా మొదటి పేరు స్వయంగా ప్రయోగాలు చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ పెద్దది. చాలా సంస్థలు కలిసి రాసే, వందలమంది పేర్లుండే కన్సార్టియం వ్యాసంలో నడుమ ఎక్కడో ఒక పేరుంటే ఆ సైటేషన్లన్నీ ఆయన ఖాతాలోనూ పడతాయి. సమీక్షా వ్యాసాలనూ, ఏటా వచ్చే క్యాన్సర్ గణాంకాల నివేదికలనూ పక్కన పెట్టండి. ప్రతి ఒక్కరూ తమ వ్యాసం మొదటి వాక్యానికి వాటినే ఆధారంగా చూపుతారు. పైగా గూగుల్ స్కాలర్‌లో ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరం ఉన్న రావులూ రాజులూ కలిసిపోతుంటారు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే ఆర్కిడ్ (ORCID) గుర్తింపు నంబరు అడిగి సరిపోల్చుకోవాలి.

ఎక్కువ సైటేషన్లున్నంత మాత్రాన సరైన పని అనీ చెప్పలేం. ఎండీఏ-ఎంబీ-435 అనే కణాలను ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్‌వని వాడారు. తీరా చూస్తే అవి ఎం14 అనే మెలనోమా (చర్మ క్యాన్సర్) కణాలు. వాటితో రొమ్ము క్యాన్సర్ గురించి తేల్చిన వ్యాసాల సైటేషన్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కణాల గుర్తింపుకు డీఎన్ఏతో చేసే ఎస్‌టీఆర్ పరీక్ష చేశారా అన్నది వ్యాసంలోని పద్ధతుల భాగంలో ఒక్క వాక్యంలో దొరుకుతుంది. వెనక్కి తీసుకున్న వ్యాసాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ జాబితాలో పేరు వెతకడానికి అయిదు నిమిషాలు చాలు.

అభ్యర్థిని అయిదు వ్యాసాలు ఎంచుకోమనండి, ఒక్కోదానిలో తన చేతి పని ఏమిటో రెండు వాక్యాల్లో రాయమనండి. ఆ వ్యాసాలకు వైద్య వ్యాసాల సూచికలో ఉండే పబ్‌మెడ్ నంబర్లను అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వారి వెబ్‌సైటు ఐసైట్‌లో వేస్తే, అదే రంగంలోని వ్యాసాలతో పోల్చిన నిష్పత్తి ఉచితంగా వస్తుంది. అది 1 అంటే ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన వ్యాసాల్లో మధ్యస్థం. రోగులపై చేసిన పరిశోధనల (క్లినికల్) వ్యాసాలు ఎన్ని వాటిని ఉటంకించాయో కూడా అక్కడే కనిపిస్తుంది. నా మటుకు ఇదే అసలు చూడాల్సిన అంకె. కొత్తగా ల్యాబ్ పెట్టినవారికి ఇవేవీ ఇంకా పోగుపడవు, వ్యాసాలు చదవక తప్పదు. చదవగలవారు సంఘంలో లేకపోతే, కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) చేస్తున్నవారిని ఒకరిని కమిటీలో వేసుకోండి.