మీటరు రాకముందు గాలి బాగుండేది

మా ఇంటి గాలి చెడిపోయి ఆర్నెల్లయింది. తేదీతో సహా చెప్పగలను: గాలి నాణ్యత కొలిచే మీటరు కొన్న రోజు. అంతకుముందు ఇన్నేళ్లూ గాలి గురించి మాకు చీకూ చింతా లేదు. అరచేతిలో పట్టే ఆ తెల్ల డబ్బాని మంచం పక్కన పెట్టుకుని పడుకున్నాం. తెల్లారి లేచేసరికి కార్బన్ డయాక్సైడ్ 2,300 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో అన్ని పాళ్లు) అని ఎర్రటి అంకెలతో మొహం మీదే చెప్పేసింది. బయటి గాలిలో ఉండేది 420 పైచిలుకే.

మా అమ్మ ఆ అంకె వైపు చూడను కూడా లేదు. గుమ్మంలో నిలబడి ముక్కు చిట్లించి, "రాత్రంతా తలుపులు బిడాయించుకుని ఒకళ్లు వదిలిన ఊపిరి ఒకళ్లు పీల్చుకుంటే ఇంకెలా ఉంటుందిరా? ఆ కిటికీ తియ్యి" అంది. పెద్దవాళ్లతో ఇదే చిక్కు. ఎంత జటిలమైన సమస్యనైనా పైసా ఖర్చు లేని పరిష్కారం చెప్పి అవమానిస్తారు.

ఆరా తీస్తే ఈ గొడవకి మూలపురుషుడు మ్యూనిక్‌లో తేలాడు. మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే ఆరోగ్య శాస్త్రవేత్త 1858లోనే, గదిలో కార్బన్ డయాక్సైడ్ 1,000 పీపీఎం దాటకూడదని గీత గీసి కూర్చున్నాడు. ఆ వాయువే విషమని కాదు. అది పెరిగిందంటే మనుషులు వదిలిన మిగతా సరుకంతా గదిలోనే తిరుగుతోందని ఆయన లెక్క. అంతటితో ఊరుకున్నాడా? గదిలో పేడకుప్ప ఉంటే గాలాడేలా చూడటం కాదు, ముందు కుప్ప ఎత్తెయ్యమన్నాడు. మనం అంత మొరటువాళ్లం కాదు. కుప్ప మీద నిమ్మ వాసన స్ప్రే కొడతాం.

ఆ వాసన వెనక లిమొనీన్ అనే పదార్థం ఉంటుంది. గాలిలోని ఓజోన్‌తో అది కలిస్తే పుట్టేవాటిలో ఫార్మాల్డిహైడ్ ఒకటి. అంటే వాసన కొన్నవారికి రసాయనం ఉచితం. ఇంట్లో ఓజోన్ చాలడం లేదని బెంగపడేవాళ్ల కోసం, దాన్ని తయారుచేసి గదిలోకి వదిలే యంత్రాలు కూడా ఉన్నాయి. ఊపిరితిత్తులు మండటం తాజాదనానికి గుర్తు కాబోలు.

మొక్కల విషయంలో నేను పూర్తిగా శాస్త్రం పక్షం. 1989లో నాసా వాళ్లు మూసిన పెట్టెల్లో మొక్కలు పెట్టి చూస్తే, అవి గాలిలోని కొన్ని హానికర రసాయనాలని తగ్గించాయి. ఇల్లు మాత్రం మూసిన పెట్టె కాదా, మాదైతే మరీనూ! తీరా 2019లో ఇద్దరు పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ తిరగేశారు. మామూలు ఇంట్లో గాలి దానంతటది మారే వేగాన్ని మొక్కలు అందుకోవాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 దాకా కావాలని తేల్చారు. మా పడకగది 12 చదరపు మీటర్లు. తక్కువలో తక్కువ 120 కుండీలు. నాలుగు తెచ్చాను. మిగతా 116 వచ్చాక మంచం ఎక్కడ వెయ్యాలన్నది ఒక్కటే తేలాలి.

ఇక ఎయిర్ ప్యూరిఫయరు. హెపా ఫిల్టరు గొప్పది, ఇందులో వెటకారం లేదు. పట్టుకోవడం బాగా కష్టమైన 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల్ని కూడా 99.97 శాతం పట్టేస్తుంది. సోఫా రంగుకి నప్పలేదని దాన్ని సోఫా వెనక, గోడకి ఆనించి పెట్టాం. రెండు నెలలు నడిపాం. ఇల్లు కొండ మీద ఉన్నట్టుందని వచ్చినవాళ్లందరికీ చెప్పాం. చెప్పగా చెప్పగా మాకే గొంతు గరగర తగ్గింది. ఓ రోజు దుమ్ము తుడుద్దామని వెనక మూత తీస్తే, ఫిల్టరుకి చుట్టి పంపిన ప్లాస్టిక్ కవరు చెక్కుచెదరకుండా ఉంది. వాడేముందు తీసెయ్యమని దాని మీదే రాసుంది కూడా. తీసేశాం. కార్బన్ డయాక్సైడ్ అంకె మాత్రం కదల్లేదు. ఆ ఫిల్టరు రేణువుల్ని పడుతుందే గాని ఈ వాయువు జోలికి పోదట.

వంటింటి విషయంలో ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీదున్నాం: ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యం. వేస్తే టీవీ వినపడదు. బాణలిలో నూనె పొగలెత్తేసరికి మీటరులో పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లకి మించని సన్న రేణువుల లెక్క, మూడంకెలకి ఎగబాకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు, రోజు సగటున ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు. గ్యాసు మంట నైట్రోజన్ డయాక్సైడ్‌ని విడిగా వడ్డిస్తుంది. అప్పుడు హాల్లో ప్యూరిఫయరు గుర్రుమంటూ లేస్తుంది. ఆ మోతకీ టీవీ వినపడదు. కాకపోతే అది ఏరికోరి కొనుక్కున్న మోత.

కిటికీ తియ్యకపోవడానికి మా దగ్గర గట్టి కారణమే ఉంది: బయట దుమ్ము. నిజమే, బయట పొగ కమ్మిన రోజున కిటికీలు మూసి ప్యూరిఫయరు వేసుకోవడమే తెలివి. ఆ ఒక్కరోజు తెలివిని మేం ఏడాది పొడుగునా పొదుపుగా వాడుకుంటున్నాం.

చివరికి అందరం కూర్చుని తప్పు మీటరుదేనని తీర్మానించాం. గదికో మాట చెప్పేదాన్ని ఎలా నమ్మడం? అయినా ఒక అవకాశం ఇద్దామని నిన్న కిటికీ తీసి, దాన్ని బయట గట్టు మీద పెట్టి, చటుక్కున మూసేశాను. పావుగంటలో అంకెలు దిగొచ్చి ఆకుపచ్చకి తిరిగాయి. ఇప్పుడు మంచం మీద పడుకునే, కిటికీ అద్దంలోంచి చూసుకుంటున్నాను. 420.